రికార్డు ఆగిన కారణం

కోర్టు భవనం, రెండో అంతస్తు, స్టెనోల గది
ఫిబ్రవరి 11, మంగళవారం

మరదలికి,

ఈ రోజు పగలు 11.42కి కోర్టు రికార్డు ఆగిపోయింది. ఆపింది నేనే. 11.47కి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ అయిదు నిమిషాలూ ఒక జడ్జిగారు, ఇద్దరు లాయర్లు, ఒక నిందితుడు, నిందితుడి బంధువులు పదకొండు మంది నా ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నా కోసం ఇంతమంది ఎదురుచూడటం ఇదే మొదలు.

కేసు గోదాము తగలబడిన కేసు. నిందితుడు గోదాము యజమాని. సాక్షి అక్కడి కాపలాదారు, డెబ్బై ఏళ్ళ మనిషి. ఆ సాయంత్రం యజమాని ఒక్కడే లోపలికెళ్ళి, పది నిమిషాల్లో బయటికొచ్చి తాళం వేశాడని, ఆ తర్వాతే పొగ చూశానని చెబుతున్నాడు. యజమాని లాయరుకి మేం స్టెనోలం పెట్టుకున్న పేరు కామా. ఆయన మాట్లాడే వాక్యానికి ఫుల్‌స్టాప్ ఉండదు. 11.10 నుంచి కాళ్ళు బిగపట్టుకుని ఆయన వాక్యం ఎక్కడ ముగుస్తుందా అని చూశాను. ముగియలేదు. చెయ్యెత్తాను.

మా కోర్టులో ఒక నిబంధన ఉంది. స్టెనో వేళ్ళు మెషిన్ మీంచి లేస్తే, ఎన్నింటికి లేచాయో, ఎందుకు లేచాయో ఆ స్టెనోయే రికార్డులో టైపు చెయ్యాలి. మిగతావాళ్ళు ఏమైనా సరే "సాంకేతిక కారణం" అని కొట్టేస్తారు. నేను "స్టెనో మూత్రానికి వెళ్ళింది" అని కొట్టాను. జరిగింది అదే కదా. ఈ కేసులో మూడు రోజుల్లో ఏడుసార్లు ఆగింది. ఏడుసార్లూ అదే రాశాను.

ఇది ఆరు నెలల నుంచి ఉంది. రోజుకి పదమూడు, పద్నాలుగు సార్లు. వచ్చిందంటే ఇక క్షణం ఆగదు. తలుపు దాకా చేరతానా లేదా అన్నది ప్రతిసారీ విచారణలో ఉన్న అంశమే. మొన్న మెట్ల మీద తీర్పు నాకు వ్యతిరేకంగా వచ్చింది. అప్పట్నుంచి సంచీలో ఇంకో జత బట్టలు పెట్టుకుంటున్నాను.

నువ్వు ఆసుపత్రి మందుల కౌంటర్లో ఉంటావు కాబట్టి నీకు రాస్తున్నాను. ఫోన్ చెయ్యకు. మీ అన్న స్పీకర్ పెట్టకుండా ఫోన్ మాట్లాడడు. ఇంటికి రాయకు. ఇంటికొచ్చే ప్రతి కవరూ, కరెంటు బిల్లుతో సహా, ఆయన విప్పి మొదటి నుంచి చివరి దాకా చదువుతాడు. జవాబు కోర్టుకి రాయి. స్వయంగా వచ్చి చెబుతానంటే అభ్యంతరం లేదు. నువ్వు మా గడప తొక్కి రెండేళ్ళయింది.

వదిన


ఆసుపత్రి, మందుల కౌంటర్ వెనక గది
ఫిబ్రవరి 17

వదినకి,

మీ ఉత్తరం కౌంటర్ దగ్గరే నిలబడి చదివాను. నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను. ఎదురుగా ఉన్న పెద్దాయన జాలిపడి, నేనప్పుడే ఇచ్చిన దగ్గు మందు సీసా నాకే తిరిగిచ్చాడు.

నాకు అర్థమైంది సరైనదేనా చూడండి. దరఖాస్తు పెట్టినవాడికల్లా కాపీ ఇచ్చే కాగితంలో, జడ్జిగారి సంతకం పైన, మీరు ఎన్నింటికి ఎందుకు వెళ్ళారో ఏడుసార్లు రాసిపెట్టారు. అన్నయ్యకి మాత్రం తెలియకూడదు. సరే వదినా. ఈ రహస్యం కాపాడటంలో నా వంతు సాయం నేను చేస్తాను.

ఇక అసలు సంగతి. నేను డాక్టర్ని కాను, డాక్టర్ల చేతిరాత చదవగలిగే కొద్దిమందిలో ఒకదాన్ని. ముందు డాక్టరుకి చూపించుకోండి. ఇన్‌ఫెక్షన్ ఉందేమో, సుగర్ ఉందేమో పరీక్ష చేయిస్తారు. అవేవీ కాకపోతే, మూత్రాశయం కండరం అక్కర్లేని సమయంలో బిగుసుకుంటోందని అర్థం. దానికి మందులున్నాయి. "వయసు కదా" అని ఎవరైనా అంటే వినకండి. మా కౌంటర్‌కి ఇరవై ఎనిమిదేళ్ళ టీచరమ్మ కూడా ఇదే మందుకి వస్తుంది.

మూడు రోజులు ఒక పట్టీ రాయండి. ఎప్పుడు ఎంత తాగారు, ఎప్పుడు ఎంత పోశారు, ఎన్నిసార్లు ఉరకాల్సొచ్చింది. టైములు రాయడం మీకు కొత్త కాదు, అందులో మీకు ఇప్పటికే పేరుంది.

ఇంకోటి. నీళ్ళు తాగడం మానేశారు కదూ. అందరూ చేసేది అదే. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది. మానాల్సింది నీళ్ళు కాదు, టీ. మీ కోర్టులో పూటకెన్ని తాగుతారో నాకు తెలుసు.

రావడం సంగతంటారా, ఇక్కడ పని ఎక్కువ. స్టాకు సరిచూడాలి. చూద్దాం.

మీ మరదలు


స్టెనోల గది
మార్చి 6

మరదలికి,

పరీక్షలన్నీ అయ్యాయి. ఇన్‌ఫెక్షన్ లేదు, సుగర్ లేదు. వెళ్ళొచ్చాక కడుపు మీద స్కాన్ తీసి, లోపల ఏమీ మిగలడం లేదన్నారు. "నిండకుండానే నిండిందని మీ మూత్రాశయం తొందరపెడుతోందండి" అంది డాక్టరమ్మ. "అంటే అబద్ధపు సాక్ష్యం చెబుతోందన్నమాట" అన్నాను. ఆవిడ నవ్వలేదు. బయట నలభై మంది ఉన్నారు, నవ్వే తీరిక లేదు.

నీ పట్టీ రాశాను. కొలవడానికి గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొని మూడు రోజులూ కోర్టుకి పట్టుకెళ్ళాను. గేటు దగ్గర గార్డు సంచీ వెతికి, మగ్గు పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది?"

"కొలతకి."

"కోర్టులో ఏం కొలుస్తారండీ?"

"న్యాయం" అన్నాను. లోపలికి పంపించాడు.

లెక్క ఇదీ. రోజుకి పదమూడు సార్లు. కోర్టు వేళల్లో సగటున ముప్పై అయిదు నిమిషాలకొకసారి. టీలు ఆరు. నీళ్ళు రెండు గ్లాసులు. డాక్టరమ్మ పట్టీ చదివి, ఇంత శుభ్రంగా రాసినవాళ్ళని ఇంతవరకు చూడలేదంది. ఈ జబ్బు వల్ల నాకు దక్కిన తొలి మెప్పు అది. టీ రెండుకి తగ్గించమంది. నీళ్ళు ఆరు గ్లాసులకి పెంచమంది. వచ్చినప్పుడల్లా లేచి పరిగెత్తకుండా, కూర్చున్న చోటే కింది కండరాలు బిగించి, అయిదు నిమిషాలు ఓర్చుకుని వెళ్ళమంది. ఆ వ్యవధి వారం వారం పెంచుకుంటూ పోవాలట. పైగా రోజుకో మాత్ర. పూర్తి గుణం తెలియడానికి నాలుగు వారాలైనా పడుతుందట.

మాత్ర మొదలుపెట్టి తొమ్మిది రోజులైంది. పదకొండింటికీ మూడింటికీ నోరు పిడచకట్టుకుపోతోంది. అదే వేళకి దగ్గరి అక్షరాలు మసకబారుతున్నాయి. సాయంత్రం ఇంటికి చేరేసరికి మందు వేసుకున్న గుర్తే ఉండదు, మళ్ళీ పాత కథే. పొద్దున్నా అంతే. ఇదేం మాత్రో నువ్వే చెప్పు.

మీ అన్నకి తెలియదు. మగ్గు ఎందుకని అడిగితే, మొక్కలకని చెప్పాను. మనింట్లో మొక్కలు లేవు. ఆయనకి ఆ సంగతి ఇంకా తట్టలేదు.

వదిన


మందుల కౌంటర్ వెనక గది
మార్చి 12

వదినకి,

ఆ మాత్ర పదకొండింటికీ మూడింటికీ పని చేసి, మిగతా వేళ సెలవు పెట్టే రకం కాదు. ఇరవై నాలుగు గంటలూ కొద్దికొద్దిగా కరగడానికే దాన్ని అలా తయారు చేశారు. నోరు కొంచెం ఎండటం మామూలే. మీరు రాసిన లెక్క మాత్రం మామూలుది కాదు.

కాబట్టి వదినా, ప్రమాణం చేసి చెప్పండి. మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారు? ఎలా వేసుకుంటున్నారు? జలుబు మాత్రలు గాని, అలర్జీ మాత్రలు గాని వాటితో కలిపి వాడుతున్నారా? మీ ఉత్తరంలో పరీక్షల సంగతి ఉంది, మగ్గు సంగతి ఉంది, గార్డు సంగతి ఉంది. మాత్ర వేసుకునే సంగతి ఒక్కటే లేదు. ఇరవై ఆరేళ్ళు ఒక్క మాట పోకుండా రాసినావిడ ఉత్తరంలో ఒక్కటి మాయమైందంటే, అనుమానించడానికి నేను లాయర్ని కానక్కర్లేదు.

నేను బాగానే ఉన్నాను. పని ఎక్కువ.

మీ మరదలు


స్టెనోల గది
మార్చి 20

మరదలికి,

విరిచి వేసుకుంటున్నాను. ఉదయం 9.30కి సగం, భోజన విరామంలో 1.45కి సగం. కోర్టుకి రెండు పూటలున్నాయి కదా, మాత్రకీ రెండు పూటలుంటే సరిపోతుందనుకున్నాను. డబ్బా మీద ఏముందో చదవలేదు. కూరగాయల కత్తితో సరిగ్గా మధ్యకి కోశాను, ఒక్క పొడి రాలలేదు. ఇప్పుడు తిట్టు. అయితే తిట్టేముందు మిగతాది కూడా విను.

పోయిన గురువారం మధ్యాహ్నం 3.05కి జడ్జిగారు కాపలాదారు చెప్పిన జవాబు తిరిగి చదవమన్నారు. చదవాల్సింది రెండే మాటలు. "అయ్యగారే వేశారు." తాళం ఎవరు వేశారన్నది ప్రశ్న. కాగితం దగ్గరికి తెచ్చుకుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. దూరం పెడితే కనబడ్డాయి గాని నాలుక అంగిలికి అతుక్కుపోయింది. నోరు తెరిచాను. శబ్దం రాలేదు. నలభై సెకన్లు. జడ్జిగారు తన గ్లాసు నీళ్ళు నాకు పంపించారు. అది తాగి చదివాను. తాగిన పాపానికి 3.30కి మళ్ళీ లేచాను.

కామా ఆ సాయంత్రమే రికార్డు కాపీ తీసుకున్నాడు. సోమవారం పొద్దున్న పిటిషన్ వేశాడు. స్టెనో ఎనిమిదిసార్లు కుర్చీ వదిలింది కాబట్టి, తను రాసింది తనే చదవలేకపోయింది కాబట్టి, కాపలాదారు సాక్ష్యం మొత్తం కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి చెప్పించాలట. డెబ్బై ఏళ్ళవాడు రెండోసారి తడబడతాడని ఆయన ఆశ. పిటిషన్‌లో నా ఎనిమిది ఎంట్రీలూ వరసగా టైముతో సహా దించాడు. ఇంత పెద్ద వాక్యంలో ఆయన తప్పు లేకుండా రాసినవి నా మాటలే.

రిజిస్ట్రార్ తన గదికి పిలిచాడు. తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ ఎనిమిది చోట్లా సాంకేతిక కారణం అని సవరణ పెట్టండి. నేను సంతకం చేస్తా. లాయరు పిటిషన్‌కి పట్టు దొరకదు. మీకూ పరువు."

"జరగని సాంకేతికం ఎలా రాయనండీ?"

"అయితే మెడికల్ బోర్డుకి పంపాలి. తొంభై నిమిషాలు లేవకుండా డిక్టేషన్ తీసుకోవాలి. లేచారంటే కింద పాత ఫైళ్ళ గదికి మార్చేస్తారు. రిటైరయ్యేదాకా అక్కడే."

"ఆ గదిలో బాత్రూమ్ ఉందా?" అని అడిగాను. లేదన్నాడు.

ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆయన ఆలోచించే టైము కూడా ఇవ్వలేదు, బోర్డు సంగతి చెబుతూ ఒక కాగితం ఇంటికి పంపించేశాడు. మీ అన్న విప్పాడు. మూడుసార్లు చదివి, కళ్ళజోడు తీసి అన్నాడు: "ఇన్నాళ్ళూ సినిమా మధ్యలో నువ్వు లేచిపోతుంటే, నేను తీసుకెళ్ళే సినిమాలు బాగాలేవనుకున్నా."

"అవి బాగుండవు. అది వేరే విషయం" అన్నాను.

వదిన


మందుల కౌంటర్ వెనక గది
మార్చి 26

వదినకి,

తిట్టను. తిట్టడానికి మీరు చోటు మిగల్చలేదు. ఒక్క పొడి రాలకుండా కోశారట. ఆ మాత్ర తయారుచేసినవాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని రోజంతా నెమ్మదిగా కరిగేలా దాని మీద ఒక పొర కప్పితే, మీరు దాన్ని కూరగాయల పీట మీద రెండు నిమిషాల్లో గెలిచారు. విరిచాక అది మెల్లగా కరగదు, గట్టు తెగినట్టు ఒక్కసారే దిగుతుంది. అందుకే పదకొండింటికి నోరు ఎడారి, సాయంత్రానికి ఏమీ లేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. మీ అంతట మీరు ఏదీ మొదలుపెట్టొద్దు, ఏదీ ఆపొద్దు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, విరిచిన సంగతి నాకు రాసినట్టే రాసుకెళ్ళి చదివి వినిపించండి. కళ్ళు మసకబారాయని తప్పకుండా చెప్పండి, కంటి డాక్టరుకి కూడా చూపించమనొచ్చు. ఇంకో రకం మందు ఉంది. దానికి నోరు అంతగా ఎండదు, బీపీ మాత్రం చూసుకుంటూ ఉండాలి. ఇవ్వాలో వద్దో ఆవిడ తేలుస్తుంది. రెండింటినీ కలిపి మింగితే రెట్టింపు పనిచేస్తుందన్న తెలివి ఎక్కడైనా తట్టిందా, నాకు ముందే రాయండి.

రిజిస్ట్రార్ మాటకి వస్తాను. మార్చెయ్యండి వదినా. రెండు పదాలు. అందరూ రాసేవే. ఎవరికి నష్టం? ఆ ముసలాయన మళ్ళీ బోను ఎక్కక్కర్లేదు, మీ కుర్చీ మీకుంటుంది, నలుగురి నోళ్ళలో పడరు. లోకం సగం సాంకేతిక కారణాల మీదే నడుస్తోంది. మీరొక్కరూ నిజం రాసినంత మాత్రాన మూత్రాశయం మెచ్చుకుని బాగుపడదు.

బోర్డు నాటికి రమ్మంటారేమో. చెప్పలేను, పని ఎక్కువ. స్టాకు సరిచూడాలి.

మీ మరదలు


స్టెనోల గది
ఏప్రిల్ 14

మరదలికి,

డాక్టరమ్మకి చదివి వినిపించాను. ఈసారి నవ్వింది. నలభై మందినీ మరిచిపోయి నవ్వింది. కళ్ళ పరీక్ష అయింది, దోషం లేదు. మొదటి మాత్ర ఆపేసి రెండో రకం రాసింది. మార్చి 31న మొదలుపెట్టాను. రోజుకొకటి, పొద్దున్న 8.00కి, నీళ్ళతో, ముక్క చెయ్యకుండా. వారానికోసారి బీపీ చూపిస్తున్నాను, మామూలుగానే ఉంది. నోరు తడిగానే ఉంది. సగటు వ్యవధి ఏప్రిల్ మొదటి వారంలో యాభై నిమిషాలు, ఈ వారం అరవై అయిదు.

రిజిస్ట్రార్‌కి ఏప్రిల్ 2న జవాబిచ్చాను. సవరణ పెట్టను. ఎందుకో నీకు చెబుతాను. ఆ ఎనిమిది చోట్ల నేను అబద్ధం రాశానని తేలితే, తొమ్మిదో చోట "అయ్యగారే వేశారు" అని రాసింది మాత్రం నిజమని ఎవరు నమ్మాలి? కామా అడగాల్సిన ప్రశ్న అదే. అది ఆయనకి తట్టకపోవడం మన అదృష్టం, తట్టే అవకాశం నేనివ్వను. పిటిషన్ మీద వాదనలు మే 5న. మెడికల్ బోర్డు మే 9, శుక్రవారం, 10.30కి.

ఇక నీ సంగతి. గత రెండేళ్ళలో నువ్వు రాసినవీ, మీ అన్నతో ఫోన్లో అన్నవీ నాకు గుర్తున్నంత వరకు వరసగా రాసి చూశాను. "పని ఎక్కువ" పదిహేనుసార్లు. "స్టాకు సరిచూడాలి" తొమ్మిదిసార్లు. ప్రతిసారీ అవే మాటలు, అదే వరస. సంవత్సరమంతా స్టాకు సరిచూసే కౌంటర్ ఉంటే, అక్కడ మందు ఎవరికిస్తారు? మాట మారకుండా ఒకే జవాబు చెప్పే సాక్షుల్ని ఇరవై ఆరేళ్ళుగా వింటున్నాను. వాళ్ళు చెప్పేది ఎవరో నేర్పినదైనా అయి ఉంటుంది, చెప్పలేనిది దాచడానికైనా అయి ఉంటుంది.

నువ్వు చివరిసారి బయలుదేరి, సగం దారిలోంచి వెనక్కి వెళ్ళిపోయిన రోజు మీ అన్న బస్టాండులో మూడు గంటలు నిలబడ్డాడు. అంతకుముందు రోజు ఫోన్లో "నువ్వొస్తున్నావంటే ఫ్రిజ్‌కి తాళం వెయ్యాలి" అని తను వేసిన జోకుకి నీకు కోపమొచ్చిందనుకున్నాడు. ఆ రోజు నుంచి జోకులు మానేశాడు. అందుకు మాత్రం నీకు నా కృతజ్ఞతలు. కానీ ఆయన అది మనసులో పెట్టుకున్నాడు.

ప్రశ్న: ఆ రోజు ఏం జరిగింది? జవాబు రాయకపోతే, రాయలేదని రాసుకుంటాను.

వదిన


ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 21

వదినకి,

ఈ ఉత్తరం కౌంటర్లో కూర్చుని రాయలేకపోయాను.

ఆ రోజు బస్సు పొద్దున్న 6.15కి బయలుదేరింది. అయిదు గంటల ప్రయాణం, మధ్యలో ఒక్కచోటే ఆగుతుంది. ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్ళు తాగలేదు. అయినా మూడో గంటలో వచ్చింది. డ్రైవర్ దగ్గరికెళ్ళి అడిగాను. "ఇంకో ఇరవై నిమిషాల్లో ఆగుతుందమ్మా, కూర్చోండి" అన్నాడు. తప్పేం లేదు, మర్యాదగానే అన్నాడు. ఇరవై నిమిషాలు నా చేతిలో లేవు. పక్క సీటులో ఇద్దరు ఆడపిల్లలున్నారు. వాళ్ళు కిటికీలోంచి చూస్తున్నట్టు నటించారు. ఆ నటన నాకు ఇప్పటికీ కనబడుతుంది. బస్సు ఆగాక దిగి, శాలువా నడుముకి చుట్టుకుని, ఎదురొచ్చిన బస్సు నిలబడే ఎక్కి వెనక్కొచ్చాను. ఇల్లు చేరాకే అన్నయ్యకి ఫోన్ చేసి, దారిలో ఉండగా కౌంటర్ నుంచి పిలిచారు, స్టాకు సరిచూడాలని చెప్పాను. ఆ మాటే అప్పుడు నోట్లోకి వచ్చింది. అప్పట్నుంచి అదే చెబుతున్నాను.

జోకుకి కోపం రాలేదు. ఫ్రిజ్‌కి తాళం వేస్తానన్నప్పుడు నేను నవ్వాను కూడా.

రోజుకి పది మందికి ఆ మాత్రలిస్తాను వదినా. ఇచ్చి, "సిగ్గుపడకండి, ఇది చాలామందికి ఉన్నదే" అని ప్రతి ఒక్కరికీ చెబుతాను. బాగా చెబుతానని పేరు కూడా ఉంది. నాకు మాత్రం నేను చెప్పుకోలేదు. చూపించుకుంటే మా ఆసుపత్రి డాక్టరు చీటీ రాస్తాడు, ఆ చీటీ నా కౌంటర్‌కే వస్తుంది, నా పక్కన కూర్చునే పిల్ల మందు తీసి నా చేతికివ్వాలి. అందుకని నాలుగేళ్ళుగా ప్యాడ్లు పెట్టుకుని, సినిమాలు మానేసి, పెళ్ళిళ్ళకి చివరి వరసలో తలుపు పక్కన కూర్చుని, ఊళ్ళకి వెళ్ళడం మానేసి బతుకుతున్నాను. మీకు మాత్రం మొదటి ఉత్తరంలోనే డాక్టరుకి చూపించుకోమని రాశాను. ఎంత బాధ్యతగా రాశానో చూశారు కదా.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడు మా ఆసుపత్రి డాక్టరు దగ్గరికే వెళ్ళాను. చీటీ నా కౌంటర్‌కే వచ్చింది. పక్కనున్న పిల్ల చదివి, మాత్రలు తీసి, "పూర్తిగా మింగాలండీ, విరవకూడదు" అని నాకు చెప్పింది. మా వదినలాంటి వాళ్ళు ఎవరైనా వచ్చారా అని అడగబోయి ఊరుకున్నాను.

మాత్ర మొదలుపెట్టి అయిదు రోజులే అయింది. బోర్డు రోజుకి ఇది పూర్తిగా పనిచెయ్యదని నాకు తెలుసు. అయినా బయలుదేరతాను. మూడు చోట్ల ఆగే బస్సు ఒకటి ఉందని కనుక్కున్నాను. ఆరున్నర గంటలు పడుతుంది. ముందు వరసలో, నడిచే దారి పక్క సీటు తీసుకున్నాను.

అన్నయ్యకి ఇది మీరే చెప్పండి. నాకు ఇంకా నోరు రావడం లేదు.

మీ మరదలు


స్టెనోల గది
మే 6, మంగళవారం

మరదలికి,

మీ అన్నకి నీ ఉత్తరం ఇచ్చాను. చదవనని ఆయన అనడం మా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. "అది నీకు రాసింది" అన్నాడు. నేనే చదివి వినిపించాను. వినేసి, లేచి వెళ్ళి నీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో, ఆ చోట్లలో శుభ్రమైన బాత్రూములు ఎక్కడున్నాయో ఫోన్ చేసి కనుక్కున్నాడు. స్పీకర్ పెట్టే మాట్లాడాడు. మూడింటిలో రెండో చోటు బాగుంటుందట. మొదటి దాన్లో గడియ పడదట, సంచీ అడ్డం పెట్టుకో.

నిన్న వాదనలు జరిగాయి. కామా 10.40కి లేచాడు. నా ఎనిమిది ఎంట్రీలూ ఒక్కొక్కటే చదివాడు. మెషిన్ దగ్గర కూర్చుని ఆ మాటలన్నీ నేనే మళ్ళీ టైపు చేశాను. ఇప్పుడు రికార్డులో అవి పదహారు. నిందితుడి బంధువుల్లో నలుగురు నవ్వారు, అదీ రాశాను. 11.38కి కామా జడ్జిగారిని అయిదు నిమిషాలు అడిగాడు. కారణమేమిటని నేను నిబంధన ప్రకారం అడిగాను. "సొంత పని" అన్నాడు. ఎటు వెళ్ళాడో అందరం చూశాం. ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను.

తిరిగొచ్చాక జడ్జిగారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"స్టెనో బయట ఉన్న నిమిషాల్లో సాక్షి చెప్పిన మాట ఏదైనా ఉందా, రికార్డులోకి ఎక్కనిది?"

కామా కాగితాలు తిప్పాడు. ఆగిన టైము, మొదలైన టైము పక్కపక్కనే ఉన్నాయి. ఆ మధ్యలో ఎవరూ మాట్లాడలేదని ప్రతిచోటా ఉంది. చాలాసేపు తిప్పాడు.

"లేదండి" అన్నాడు. ఆయన నోటి వెంట ఫుల్‌స్టాప్ వినడం అదే మొదలు.

12.20కి పిటిషన్ కొట్టేశారు. కాపలాదారు సాక్ష్యం ఉన్నది ఉన్నట్టు నిలబడింది. బయటికొస్తుంటే వరండాలో ఆ ముసలాయన నన్ను ఆపాడు. "అమ్మా, నాకూ అదే ఇబ్బంది. మీరు లేచినప్పుడల్లా నేనూ వెళ్ళొచ్చేవాణ్ణి. మీరు లేకపోతే చచ్చేవాణ్ణి" అన్నాడు.

బోర్డు రద్దవుతుందనుకున్నాను. కాలేదు. పిటిషన్ వేరు, ఉద్యోగం వేరు అన్నాడు రిజిస్ట్రార్. ఒకసారి ఫైలు కదిలాక ఆపే అధికారం తనకి లేదట. కదిలించే అధికారం మాత్రం ఉండింది. తొంభై నిమిషాలకోసారి స్టెనోకి విరామం ఇవ్వాలని, ఆ విరామం కేసుల పట్టికలోనే ముందుగా వెయ్యాలని బోర్డుకి ఒక పేజీ అర్జీ పెట్టాను. డాక్టరమ్మ ఉత్తరం, రెండు నెలల పట్టీ జతచేశాను. అర్జీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ముందు ఆ తొంభై నిమిషాలు కూర్చోవాలి.

రోజూ సాయంత్రం మీ అన్న పేపర్ పట్టుకుని నాకు డిక్టేషన్ ఇస్తున్నాడు. కామాలాగా ఫుల్‌స్టాప్ లేకుండా చదువుతాడు. నేను లేచిన టైము పక్కన రాసుకుంటాడు. శుక్రవారం 71 నిమిషాలు. శనివారం 78. ఆదివారం 84. నిన్న 82. కావాల్సినవి తొంభై. మందు ఎక్కువ వేసుకోను, టీ రెండుకి మించదు, నీళ్ళు మానను. ఇది నీకు రాతపూర్వకంగా ఇస్తున్నాను.

నీ బస్సు గురువారం 12.45కి వస్తుంది. మీ అన్న పదకొండున్నరకే బస్టాండులో ఉంటాడు. అడిగితే బస్సుల టైములు చూడ్డానికొచ్చానంటాడు, నమ్మినట్టే ఉండు. ఫ్రిజ్ గురించి ఏదో అనాలని రెండు రోజులుగా సాధన చేస్తున్నాడు, నవ్వు రాకపోయినా నవ్వు.

శుక్రవారం 10.30కి బోర్డు, మొదటి అంతస్తు, ఆరో నంబరు గది. నువ్వు బయట బెంచీ మీద కూర్చోవచ్చు, ఎప్పుడు లేవాల్సొచ్చినా లే. డిక్టేషన్ 12.00కి ముగుస్తుంది.

సోమవారం 10.00కి గోదాము కేసులో కాపలాదారు మళ్ళీ బోను ఎక్కుతాడు, కామా ఇంకా అడగాల్సినవి ఉన్నాయట. ఆ రోజు పట్టిక ఈ పొద్దున్న గోడకి అంటించారు. జడ్జిగారి పేరుంది, లాయర్ల పేర్లున్నాయి, సాక్షి పేరుంది. స్టెనో అని ఉన్న గడి ఖాళీ. శుక్రవారం పన్నెండు దాటాక నింపుతారు.

వదిన